పని రోజు మూత్రమే అసలు నమూనా: కిడ్నీ రాళ్లవారికి 24 గంటల పరీక్ష

ఆపరేషన్ రాయిని తీస్తుంది గానీ, అది ఏర్పడిన కారణాన్ని తీయదు. అందుకే చాలామందికి కొన్నేళ్లలో మళ్లీ రాయి వస్తుంది. కారణం వెతకడానికి ఉన్న ప్రధాన పరీక్ష 24 గంటల మూత్ర సేకరణ. మూత్రం పరిమాణం, క్యాల్షియం, ఆక్సలేట్, సిట్రేట్, యూరిక్ ఆమ్లం, సోడియం, పీహెచ్, క్రియాటినిన్ ఇందులో కొలుస్తారు. గుంటూరు, ప్రకాశం పత్తి, మిర్చి నేలల్లో ఈ పరీక్ష ఎవరికి, ఏ రోజున చేస్తే పనికొస్తుందన్నది ఇక్కడి ప్రశ్న.

ఎండలో పని

ఇటలీలోని ఒక గాజు కర్మాగారంలో కొలిమి వేడి తగిలే కార్మికులను, తగలని వారిని పోల్చి 1993లో ఒక అధ్యయనం వెలువడింది. వేడిలో పనిచేసేవారిలో 8.5 శాతానికి, మిగతావారిలో 2.4 శాతానికి రాళ్లు కనిపించాయి. ఆ అంకెలను మన మిరప కోత కూలీలకు యథాతథంగా అంటగట్టలేం: తిండి వేరు, నీళ్లు వేరు. కానీ ఒంట్లో జరిగేది ఒక్కటే. చెమటగా నీరు పోతే మూత్రం తగ్గి చిక్కబడుతుంది. దాని ఆమ్లత పెరిగితే యూరిక్ ఆమ్లపు రాళ్లకు వీలవుతుంది. పొలంలో మరుగు లేక నీళ్లు తాగడమే తగ్గించుకునే మహిళలకు ఈ ముప్పు మరింత.

సాక్ష్యం ఎంతవరకు?

నీళ్ల విషయంలో సాక్ష్యం గట్టిది. తొలిసారి రాయి వచ్చిన 199 మందిపై ఇటలీలో జరిగి 1996లో వెలువడిన ప్రయోగంలో, నీళ్లు ఎక్కువ తాగినవారిలో ఐదేళ్లకు 12 శాతానికి, తాగనివారిలో 27 శాతానికి రాయి తిరిగొచ్చింది. మూత్రంలో క్యాల్షియం ఎక్కువని పరీక్షలో తేలిన 120 మంది పురుషులపై 2002 నాటి ప్రయోగం మరో సంగతి చెప్పింది. పాలు, పెరుగు మానిపించిన తరహా తక్కువ క్యాల్షియం ఆహారం కంటే, క్యాల్షియం మామూలుగా ఉంచి ఉప్పు, మాంసం తగ్గించిన ఆహారమే మేలు చేసింది.

మందుల దగ్గర బలం తగ్గుతుంది. 416 మందిపై జరిగి 2023లో వెలువడిన స్విట్జర్లాండ్ ప్రయోగంలో, రాళ్లు తిరిగిరాకుండా ఇచ్చే హైడ్రోక్లోరోథయజైడ్‌కు, ఉత్తుత్తి మాత్రకు మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పరీక్ష విషయంలోనూ అందరిదీ ఒకే మాట కాదు. అమెరికా యూరాలజీ సంఘం 2014లో రాళ్లు పదేపదే వచ్చేవారికి, ముప్పు ఎక్కువున్నవారికి, ఆసక్తి ఉన్న తొలిసారి రోగులకు ఈ పరీక్ష సూచించింది. అదే ఏడాది అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ మాత్రం పరీక్ష ఫలితాన్ని బట్టి వైద్యం చేస్తే రాళ్లు తగ్గుతాయనడానికి ఆధారాలు చాలవంది. ఒక్క నమూనా చాలునని 2001లో ఒక బృందం, చాలదని 2002లో మరో బృందం ప్రకటించాయి.

ఏ రోజు పట్టాలి?

ఒక్క నమూనా చాలునా అన్న ఈ వివాదం మన పొలాల దగ్గర మరింత పదునెక్కుతుంది. ఇంటిపట్టున నీడలో గడిపిన రోజు పట్టిన మూత్రం రెండు లీటర్లుండవచ్చు. ఎండలో మిరపకాయలు కోసిన రోజు అందులో సగమే ఉండవచ్చు. మొదటిదాన్నే చూస్తే అంతా బాగానే ఉందని పొరబడతాం. కనుక రెండు నమూనాలు వీలైతే ఒకటి పని రోజుది, ఒకటి ఇంటి రోజుది కావడం మేలు. తిండీ, నీళ్లూ ఎప్పటిలాగే ఉండాలి. రాళ్లకని ఉలవచారు, కొండపిండి ఆకు వాడే అలవాటుంటే ఆ రోజు కోసం మానకుండా వైద్యుడికి చెప్పాలి.

ఉదయం మొదటి మూత్రం వదిలేసి, తర్వాతిదంతా, మర్నాటి మొదటి మూత్రంతో సహా క్యానులో పట్టాలి. కొంత పారబోసినా క్రియాటినిన్ పట్టిస్తుంది: 60 కిలోల మగవాడికి రోజుకు సుమారు 1,100 నుంచి 1,400 మిల్లీగ్రాములుండాలి. అంతకు బాగా తగ్గితే సేకరణ సరిగా జరగలేదని అనుమానించాలి. ల్యాబు వారు క్యానులో ఆమ్లం పోసి ఇస్తే ఒంటికి తగలనివ్వకూడదు. ఆ నమూనాలో పీహెచ్ కొలవడం కుదరదు. రాయి పడిపోయిన వెంటనే, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఈ పరీక్ష చేయకూడదు.

ఫలితం వచ్చాక

సోడియం అంకె పచ్చళ్ల జాడీ గుట్టు విప్పుతుంది. రోజుకు దాదాపు 6 గ్రాముల ఉప్పు పెరిగితే మూత్రంలో క్యాల్షియం సుమారు 40 మిల్లీగ్రాములు పెరుగుతుంది. ఆక్సలేట్ ఎక్కువైతే పాలకూర, తోటకూర, చుక్కకూర తగ్గించి, అన్నంలో పెరుగు ఉంచుకోవాలి. సిట్రేట్ తక్కువైతే ఉప్పు వేయని నిమ్మరసం కొంత సాయపడవచ్చు.

రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్లు తాగమనేది అందరికీ చెప్పే సలహా. ఫ్లోరైడ్ సమస్య ఉన్న కనిగిరి ప్రాంతంలో దానికి ఒక షరతు చేర్చాలి: ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన బోరు నీళ్లు ఎక్కువ తాగితే అది కూడా ఒంట్లోకి ఎక్కువే చేరుతుంది. అక్కడ మూత్రంతోపాటు తాగే నీటినీ పరీక్షించాలి.

తొలిసారి చిన్న రాయి వచ్చినవారికి నీళ్లు, ఉప్పు తగ్గింపుతో మొదలుపెట్టడం సమంజసం. రాళ్లు తిరిగొచ్చేవారికి, ఒకే కిడ్నీ ఉన్నవారికి, పిల్లలకు పరీక్ష అవసరం. చికిత్స మొదలయ్యాక ఆరు నెలల్లోపు దాన్ని మళ్లీ చేయాలి; సుగ్గికి (కోతల పనికి) వలస వచ్చే కూలీలకైతే ఆ రెండో పరీక్ష సొంతూరి దగ్గర్లోనే జరిగేలా చీటీ రాసి పంపాలి.