పెనుకొండ బాబయ్య: చిగురించిన మిస్వాక్ పుల్ల

మా యాడికిలో "ఓ బాబయ్యా!" అని కేకేస్తే ఇద్దరు ముగ్గురన్నా తిరిగి చూస్తారు. వాళ్లలో ఒకరు దూదేకుల ఇంటివాడైతే ఇంకొకరు బోయోళ్ల ఇంటివాడు. ఫక్కీరప్ప, ఫక్కీరమ్మ అనే పేర్లూ అంతే. ఏ పీరు మీద అఖీదత్‌తో ఈ పేర్లు పెట్టుకున్నారని అడిగితే చాలామంది చెయ్యి దక్షిణం వైపు చూపిస్తారు. అక్కడ పెనుకొండ ఉంది. పెనుకొండలో హజ్రత్ బాబా ఫక్రుద్దీన్ మజార్ ఉంది. ఆలిములకు ఆయన సుహ్రవర్దీ సిల్సిలా బుజుర్గు, సీమ జనానికి మాత్రం ఉత్త 'బాబయ్య సామి'.

చిన్నప్పుడు మా జేజి నన్ను తీసుకొనిపోయింది. గుత్తి దాకా ఒక బస్సు, అనంతపురం దాకా ఇంకో బస్సు, అక్కడినుంచి పెనుకొండ. నాకు జ్వరం తగ్గితే చక్కెర చదివిస్తానని మొక్కుకునింది. "మనమనుకుంటే పోయేది కాదు నాయనా, బాబయ్య పిలుస్తేనే పోయేది" అనింది దారిలో. దర్గాలో ఊదుపొగ, ముజావర్ తల మీద ఆనించిన నెమలీకలు, కాగితంలో కట్టిచ్చిన తబర్రుక్, ఇవే నాకు గుర్తు. మా పక్కనే నుదుట కుంకుమ పెట్టుకున్న ఒకామె చంటిబిడ్డను గడప దగ్గర పడుకోబెట్టి దండం పెట్టుకుంటా ఉండింది. అప్పట్లో అందులో నాకు వింతేమీ కనిపించలేదు.

బాబయ్య గురించి జనంలో ఉన్న రివాయత్ ఇది. ఆయన సీస్తాన్ వైపు బాద్‌షాహ్. ఒకరోజు దిల్ విరిగి తఖ్తూ తాజూ వదిలేసి ఫఖీర్ అయినాడు. పీరును వెతుక్కుంటూ తిరిగి తిరిగి తిరుచిరాపల్లి చేరి నత్హర్ వలీ దగ్గర మురీద్ అయినాడు. పీర్ ఆయన చేతికొక మిస్వాక్ పుల్ల ఇచ్చి, "రాత్రి ఎక్కడ దిగినా దీన్ని నేలలో నాటు. ఏ ఊర్లో చిగురిస్తే అదే నీ ముఖామ్" అన్నాడు. ఊరూరా నాటుకుంటూ వచ్చినాడు. చివరికి పెనుకొండలో పుల్ల చిగురించింది.

ఈ కథ ఇరాన్‌లో చెప్తే ఎట్లుంటుందో గానీ అనంతపురం జిల్లాలో చెప్తే దాని వజన్ వేరు. ఇక్కడ ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర. అదీ పడాల్సినప్పుడు పడదు. చెనక్కాయ విత్తనం మట్టిలో వేసి ఆకాశం వైపు చూస్తా కూర్చునే రైతుకు, పళ్లు తోముకునే ఎండుపుల్ల చిగురించడం కన్నా పెద్ద కరామత్ ఏముంటుంది? సీమ జనం ఆ ఫఖీరును తమవాడిగా చేసుకోవడానికి ఈ ఒక్క కథే చాలిందేమో అనిపిస్తుంది.

ఇంక తారీఖ్ విషయానికొద్దాం. తజ్‌కిరాలు బాబా వఫాత్‌ను హిజ్రీ 694 అని చెప్తాయి. అంటే క్రీ.శ. 1294-95. జనం చెప్పుకునే కథల్లోనేమో ఆయన్ను సున్నం మూటలో కట్టి నీళ్లలో వేయించిన 'రాయలు' ఒకడు వస్తాడు. ఆయన చెక్కు చెదరకుండా బయటికి వస్తాడు, రాజు తల వంచుతాడు. వినేవాళ్లు ఆ రాజు విజయనగర రాజే అనుకుంటారు. హిజ్రీ 694 సహీ అయితే అది కుదరదు. విజయనగరం పుట్టింది 1336లో. బాబా కాలంలో ఈ సీమ హొయ్సళుల నీడలో ఉంది.

ఇంకో సంగతీ ఉంది. మాలిక్ కాఫూర్ ఫౌజు హొయ్సళుల ద్వారసముద్రం మీదికి వచ్చింది 1311లో. ఈ లెక్కన దిల్లీ గుర్రాలు దక్షిణాదికి దిగకముందే పెనుకొండలో ఒక ఫఖీర్ నిద్రపోతున్నాడు. ఆయన వెనక ఫౌజు లేదు, ముందు ఫర్మాన్ లేదు. చేతిలో ఉన్నది పుల్ల. "మీవాళ్లు కత్తి పట్టుకొని వచ్చినారు కదా" అని ఫోన్లో మెసేజులు పంపే దోస్తులకు నేను బహెస్ చెయ్యను. ఒకసారి పెనుకొండకు పోదాం రాండి అంటాను.

ఎందుకంటే ఆ ఊరు ఒక్క దర్గా కాదు. సంస్కృతంలో ఘనగిరి అన్నా తెలుగులో పెనుకొండ అన్నా పెద్ద కొండ అనే మానీ. దేశమంతా లెక్కపెట్టుకునే నాలుగు జైన విద్యాపీఠాల్లో పెనుకొండ ఒకటి. పార్శ్వనాథుని బసది ఇప్పటికీ ఉంది. కోట ఉత్తర ద్వారం దగ్గర 1354 నాటి శాసనం, బుక్కరాయల కొడుకు వీర విరుపణ్ణ ఇక్కడ ఏలినట్టు చెప్తుంది. పక్కపక్కనే రామాలయం, శివాలయం. షేర్‌ఖాన్ పేరు మీద పిలుచుకునే పాత మసీదు. తిమ్మరుసు సమాధి అని జనం చూపించే చిన్న మంటపం.

1565లో రాక్షసి-తంగడి జంగ్‌లో ఓడినాక తిరుమలరాయలు హంపీ వదిలి వచ్చి కూర్చున్నది ఈ ఊర్లోనే. రాజధాని చంద్రగిరికి మారేదాకా విజయనగరానికి ఇదే దారుల్-హుకూమత్. బీజాపూర్, గోల్కొండ ఫౌజులు వచ్చి ముట్టడి వేసింది ఈ కోటనే. ఇక్కడ నాకు నిజంగా హైరత్ కలిగించేది గగన్ మహల్. సుల్తానులతో తరాలుగా లడాయి చేసిన వంశం రాజభవనం చూడండి: కింద తోరణాలు సుల్తానుల కమాన్లు, పైన శిఖరం గుడి గోపురం పోలిక. దుష్మన్ కట్టుకునే తీరు నచ్చితే తీసుకోవడానికి వాళ్లకు సిగ్గు లేదు. బుక్కరాయల బిరుదుల్లో ఒకటి 'హిందూరాయ సురత్రాణ'. సురత్రాణ అంటే మన సుల్తాన్ మాటే, సంస్కృతం వేషం వేసుకునింది.

అన్నీ మొహబ్బత్ కథలే అని నేను చెప్పడం లేదు. ఆ కొండ మీద ఖూన్ పారింది. గుళ్లు పడ్డాయి, ఇళ్లు కాలినాయి. రాజులు రాజుల పనే చేసినారు. కానీ హొయ్సళులు, రాయలు, ఆదిల్‌షాహీలు, మరాఠాలు, హైదరాలీ, టిప్పు, కంపెనీ దొరలు అందరూ వచ్చిపోయినా దర్గా గడప దగ్గర పడుకోబెట్టే బిడ్డలు మాత్రం ఆగలేదు. ఉరుసుకు సందల్ లేచేటప్పుడు ఊదు వాసనకు మజహబ్ ఉండదు. గూగూడులో కుళ్లాయప్ప సామి పీరు లేచేటప్పుడు అగ్గిగుండం చుట్టూ నిలబడే జనాన్ని చూసినవాళ్లకు ఈ మాట కొత్త కాదు.

ఫికర్ ఇప్పుడు రెండు వైపులనుంచి వస్తా ఉంది. ఒక వైపు "తురకోళ్ల సమాధికి మనమెందుకు మొక్కాల" అనేవాళ్లు. ఇంకో వైపు "దర్గాకు పోవడం షిర్క్" అని మా ఇళ్లల్లోనే మా జేజి తరాన్ని జాహిల్‌లుగా లెక్కేసే కుర్రోళ్లు. నేను ఫత్వా చెప్పేవాణ్ణి కాదు. నేను కూడా అల్లాహ్‌నే అడుగుతాను, మజార్‌ను కాదు. కానీ మా జేజి కూడా అల్లాహ్‌నే అడిగిందని నా యఖీన్. ఆమెకు ఖిబ్లా తెలీక కాదు. తన గోడు వినేటోళ్లు అక్కడ ఉన్నారనుకునింది, తన పక్కన ఇంకో తల్లి కూడా అదే గోడుతో కూర్చోనుండింది.

పోయిన సారి పోయినప్పుడు దారిలో ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ చూసినాను. 2019 నుంచి అక్కడ కార్లు తయారై దేశదేశాలకు పోతా ఉన్నాయి. మంచిదే. మా యాడికి పిల్లలకూ నౌకరీలు కావాల. అయితే పెనుకొండ అంటే కార్ల ఊరని మాత్రమే తెలిసిన తరం ఒకటి తయారైతా ఉంది. కోట గోడల్లో రావి మొలకలు రాళ్లను విడదీస్తా ఉన్నాయి. రాయి పడితే మళ్లీ నిలబెట్టొచ్చు. గడప దగ్గర ఇద్దరు తల్లులు పక్కపక్కన కూర్చునే ఆదత్ పోతే మళ్లీ తేవడం ముష్కిల్.

ఈసారి మీరు బెంగళూరు పోతా ఉంటే ఒక పూట పెనుకొండలో దిగండి. బసదినుంచి మొదలుపెట్టి గగన్ మహల్ చూసి, కొండెక్కే ఓపిక ఉంటే ఎక్కి, చివర్లో దర్గాలో కాసేపు కూర్చోండి. ఫాతెహా చదివేవాళ్లు చదవండి, చదవనివాళ్లు ఊరికే కూర్చోండి. బయటికొచ్చేటప్పుడు ఎవురో ఒకరు చేతిలో చక్కెర పెడతారు. అది పెట్టిన చెయ్యి ఎవరిదని మా జేజి ఎప్పుడూ అడగలేదు.