విశేషణం తరువాత 'దట్' ఉపవాక్యం (ఆంగ్ల వ్యాకరణం)

ఆంగ్లంలో గ్లాడ్, ష్యూర్, అఫ్రెయిడ్ వంటి విశేషణాల తరువాత 'దట్' అనే పదంతో మొదలయ్యే ఉపవాక్యం వచ్చి, ఆ భావానికి కారణాన్ని లేదా విషయాన్ని తెలుపుతుంది. తెలుగులో ఈ ఉపవాక్యం సాధారణంగా ముందే వస్తుంది. ఒక్క 'దట్'కు సందర్భాన్ని బట్టి వేర్వేరు రూపాలు ఉంటాయి.

* ఐ యామ్ గ్లాడ్ దట్ శామీర్‌పేట లేక్ ఈజ్ ఫుల్ - శామీర్‌పేట చెరువు నిండినందుకు సంతోషంగా ఉంది.
* ఐ యామ్ ష్యూర్ దట్ దిస్ బస్ గోస్ టు మేడ్చల్ - ఈ బస్సు మేడ్చల్ వెళ్తుందని నాకు నమ్మకం.
* ఐ యామ్ అఫ్రెయిడ్ దట్ ఇట్ విల్ రెయిన్ - వాన పడుతుందేమోనని భయంగా ఉంది.

'నాకు నమ్మకం' అన్నచోట తెలుగులో క్రియ అక్కరలేదు. ఆంగ్లంలో 'యామ్' తప్పనిసరి; అందువల్ల 'ఐ ష్యూర్ దట్' అనడం దోషం. సంభాషణలో 'దట్'ను వదలవచ్చు గాని, క్రియను వదలరాదు.