పలకలు కడిగిన పిల్లలు

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే. ఆయన ప్రవక్త ముహమ్మద్ (స) పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా!

బడి ఈడు పిల్లలకు క్రమశిక్షణ దేనివల్ల అలవడుతుంది? భయం వల్లనా, అలవాటు వల్లనా? దీనికి మన చరిత్రలోనే సమాధానం ఉంది.

హజ్రత్ ఉమ్మె సలమా (రజి) కుమారుడు ఉమర్ బిన్ అబీ సలమా (రజి) దైవప్రవక్త (స) సంరక్షణలో పెరిగారు. ఒకనాడు భోజనవేళ ఆ బాలుని చేయి పళ్ళెమంతటా తిరగసాగింది. అల్లాహ్ పేరు తలచుకోమని, కుడిచేత్తో తినమని, తన దగ్గరున్న భాగం నుండే తినమని ఆయన (స) నేర్పారు. చెప్పినవి మూడే మాటలు. నాటి నుండి తన భోజన విధానం అదేనని ఆ బాలుడే పెద్దయ్యాక తెలిపారు (బుఖారీ).

ఏడేళ్ళ ప్రాయంలో పిల్లలను నమాజుకు ఆదేశించమన్నారు ప్రవక్త (స). దండన ప్రస్తావన పదేళ్ళకు గాని రాలేదు (అబూ దావూద్). నడుమ ఉన్నవి మూడు సంవత్సరాలు. రోజుకు ఐదు పూటల లెక్కన ఐదు వేలకు పైగా నమాజులు. అన్నిసార్లు ఓర్పుతో పిలిచే బాధ్యత పెద్దలది.

పదేళ్ళ వయసులో ప్రవక్త (స) సేవలో చేరిన హజ్రత్ అనస్ (రజి), పదేళ్ళ కాలంలో ఆయన నోట ఒక్క విసుగు మాట వినలేదన్నారు.

ఖైరవాన్ ధర్మవేత్త ఇబ్ను సహ్నూన్ (మరణం హి.శ. 256) ఉపాధ్యాయుల మర్యాదలపై రచించిన గ్రంథంలో తొలి ఖలీఫాల కాలపు బడిని వర్ణించారు. రోజుకొక బాలుడు వంతుల వారీగా శుభ్రమైన నీరు తెచ్చేవాడు. ఆ నీటితో పలకలపై రాసిన ఖుర్ఆన్ వాక్యాలను కడిగేవారు. తరువాత నేలలో గుంట తవ్వి ఆ నీటిని అందులో పోసేవారు. వంతు పాటించడం, పరిశుభ్రత, దైవవాక్కు పట్ల గౌరవం, ఈ మూడూ ఒక చిన్న పనిలోనే ఆ పసివారికి అబ్బాయి.

1377లో 'ముఖద్దిమా' రచించిన ఇబ్ను ఖల్దూన్ దీని మరో పార్శ్వాన్ని చూపారు. కాఠిన్యంతో పెరిగిన బాలునిలో ఉత్సాహం నశిస్తుందని, దెబ్బలకు భయపడి అబద్ధమూ కపటమూ నేర్చుకుంటాడని, చివరకు అవే అతని స్వభావమవుతాయని హెచ్చరించారు.

సోదరులారా! మనం ఫజ్ర్ వేళ నిద్రిస్తూ బిడ్డను మాత్రం మక్తబ్‌కు తరుముతున్నామా? మన కోపానికి క్రమశిక్షణ అని పేరు పెడుతున్నామా? ఆత్మపరిశీలన చేసుకుందాం. నేటి నుండి ఒక్క అలవాటు ఎన్నుకుందాం: సలాముతో ఇంట ప్రవేశించడమో, బిస్మిల్లాహ్‌తో భోజనమో, పుస్తకాలు తానే సర్దుకోవడమో. దానిని మొదట మనం పాటించి, తరువాత బిడ్డకు నేర్పుదాం.

ఓ అల్లాహ్! మా సంతానాన్ని మా కంటిచలువగా చేయి. వారిని పెంచే ఓర్పును మాకు ప్రసాదించు. ఆమీన్.