మోంమార్త్ర్ గుట్టెక్కిన సైకిళ్లు

2007 జూలై 15న పారిస్ వీధుల్లోకి బూడిద రంగు అద్దె సైకిళ్లు దిగాయి. మేయర్ బెర్ట్రాం దెలనోయె హయాంలో మొదలైన ఆ పథకం పేరు వెలిబ్. తొలి విడతలో సుమారు 10,000 సైకిళ్లు, 750 స్టాండ్లు. ఒక స్టాండులో తీసుకున్న సైకిల్‌ని ఇంకే స్టాండులోనైనా పెట్టేయవచ్చు. అప్పట్లో చందా కట్టినవారికి ప్రతి ప్రయాణంలోనూ మొదటి అరగంట ఉచితంగా ఉండేది.

ఆ అరగంటలో పని జరగాలంటే స్టాండు నాలుగడుగుల దూరంలో ఉండాలి. అందుకే దాదాపు 300 మీటర్లకు ఒకటి చొప్పున పెట్టుకుంటూ పోయారు. కిక్కిరిసిన నగరం కావడం పారిస్‌కు కలిసొచ్చింది. ఇల్లు, ఆఫీసు, మెట్రో స్టేషన్, అంగడి అన్నీ చిన్న సవారీ దూరంలోనే ఉన్నాయి.

కలిసిరానిదల్లా ఎత్తుపల్లాలే.

నగరంలోని మోంమార్త్ర్ గుట్ట సముద్రమట్టానికి 130 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడివాళ్లు పొద్దున్నే సైకిలెక్కి సునాయాసంగా కిందికి దిగేవారు. సాయంత్రం మాత్రం మెట్రో పట్టుకునేవారు. 22 కిలోల బరువు, మూడే గేర్లు ఉన్న బండిని ఎగువకు తొక్కడం ఎవరి తరం? దాంతో పైన స్టాండ్లు ఖాళీ, కింద స్టాండ్లలో పెట్టడానికి చోటే లేదు. సైకిళ్లను వాహనాల్లో వేసుకుని మళ్లీ పైకి చేర్చాల్సి వచ్చేది. 2008లో ఒక ఉపాయం చేశారు: 60 మీటర్లు దాటిన ఎత్తులోని స్టాండ్లలో సైకిల్ పెట్టినవారికి మరో 15 నిమిషాలు ఉచితం.

తొక్కేవాళ్లూ తమలో తాము ఒక పద్ధతి పెట్టుకున్నారు. చెయిన్ తెగినా, టైరులో గాలి పోయినా సీటును వెనక్కి తిప్పి వదిలేసేవారు. తరవాత వచ్చినవాళ్లు అది చూసి పక్క సైకిల్ తీసుకునేవారు. ఇంత పెద్ద నగరంలో ముక్కూ మొహం తెలియని మనుషులు ఒకరికొకరు చేసుకున్న ఈ సాయం వెలిబ్ చరిత్రలో అపురూపమైన ఘట్టం.

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 2010లో మొదలైన ఇలాంటి అద్దె సైకిళ్ల పథకానికి వచ్చిన చిక్కు వేరు. అక్కడ సైకిల్ తొక్కాలంటే చట్టప్రకారం తలకు హెల్మెట్ ఉండాల్సిందే. ఉన్నపళంగా అద్దె సైకిల్ ఎక్కాలనుకున్నవాళ్ల దగ్గర అది ఎక్కడుంటుంది? దుకాణాల్లో చవకగా అమ్మారు, సైకిళ్లకే తగిలించి ఉంచారు. అయినా జనం ఆశించినంతగా రాలేదు. 2019లో పథకం మూతపడింది.

పారిస్ మాత్రం తన సైకిళ్లనూ, రోడ్లనూ మార్చుకుంటూ వచ్చింది. 2018లో కొత్త సంస్థ చేతికి వెళ్లిన వెలిబ్‌లోకి బ్యాటరీ సైకిళ్లు వచ్చాయి. ఎత్తు ఎక్కే భారం మోటారు పంచుకుంది. 2020లో, కరోనా కాలంలో, లూవ్ర్ మ్యూజియం పక్కనున్న రివోలీ వీధిలో కార్ల దారిని కుదించి, రోడ్డులో చాలా భాగాన్ని సైకిళ్లకు వదిలారు.