పరంగి చెట్టు, పిండినల్లి, పక్కచేని పట్టుపురుగులు

చాలా రోజులైంది పెద్ద పోస్టు పెట్టి. ఈ ఎండలకు పగలు పని సాగదు కాబట్టి, మధ్యాహ్నం కానుగ చెట్టు కింద మంచం వేసుకోని, రెండు మూడు రోజులు కూర్చోని రాసినాను. కొంచెం పొడుగు ఉండాది. ఓపిగ్గా చదవండి. చివర్లో ఒక తప్పు ఒప్పుకునేది కూడా ఉండాది.

మా బోరు కాడ అరెకరా కంటే తక్కువ జాగాలో ఎండాకాలం తోట పెడతాను. టమేటా నాలుగు సాళ్ళు, వంకాయ, మెరప, బీర పందిరి, గట్టెంబడి నాలుగు పరంగి చెట్లు, ఒక మల్లె పొద, కనకాంబరాలు కొన్ని. అమ్ముకునేదానికంటే తినేది, పంచేది ఎక్కువ. తెల్లవారుజామున కరెంటు వచ్చినప్పుడు నీళ్ళు కట్టడానికి పోతే, తడి మట్టి వాసన, మల్లెపూల వాసన రెండూ కలిసి వస్తాయి. ఆ వాసన కోసమైనా పోవాలనిపిస్తాది. పొద్దున రాగి సంగటిలోకి చెట్టు మీది వంకాయ, పచ్చిమెరప కోసి ఊరుబిండి నూరుకుంటే ఇంక ఏం కావాల!

కానీ తోట అంటే సుఖం ఒక్కటే కాదు కదా. చిలకలు, ఉడతలు, కోతులు సరే, వాటిని అదిలిస్తే పోతాయి. కంటికి కనపడీ కనపడని పురుగులే మన నిద్ర చెడగొట్టేది. పోయిన వారం టమేటా ఆకు మీద తెల్లగా కాలినట్టు మచ్చలు, కాయకు గుండుసూది గుచ్చినట్టు బెజ్జాలు కనపడినాయి. మనవైపు దీన్ని ఊజీ అంటున్నాం. మా వాడు సాయంత్రానికే ఒక మందు సీసా తెచ్చి గడపలో పెట్టినాడు. పక్కచేని షెడ్డులో పట్టుపురుగులు మూడో జ్వరం దాటినాయి. ఆ సీసా మూత తీయాలా వద్దా అని ఆలోచన చేస్తా ఉంటే ఈ చరిత్ర అంతా గుర్తుకొచ్చింది.

ముందు ఒక మాట. మన తోటలో ఉండేదాంట్లో మనది ఏది, బయటినుంచి వచ్చింది ఏది?

లేపాక్షికి అందరం పోయుంటాం. అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 1529కీ 1542కీ మధ్య, విరూపణ్ణ కట్టించిన గుడి. అక్కడ లతామండపం స్తంభాల మీద తీగలు, పూలు ఎంత బాగా చెక్కినారో. ధర్మవరం చీరల అంచుల్లో ఇప్పటికీ ఆ తీగలే పాకుతుంటాయి. ఆ తీగలు చెక్కిన శిల్పి ఇంటి పెరడు ఒకసారి ఊహించుకోండి. వంకాయ ఉంటాది, బీర, సొర, కాకర ఉంటాయి, మునగ ఉంటాది, మామిడి, చింత, నిమ్మ ఉంటాయి. టమేటా లేదు. పరంగి కాయ లేదు. మనం మన పంట అనుకునే శెనక్కాయ లేదు. కారానికి మిరియాలు, పులుపుకు చింతపండు. పచ్చిమెరపకాయ అనేది అప్పుడప్పుడే గోవా రేవులో దిగుతా ఉన్న కొత్త సరుకు.

ఇవన్నీ అమెరికా ఖండం చెట్లు. 1492లో కొలంబస్ అక్కడికి పోయినాడు. 1498లో వాస్కోడగామా కాలికట్‌లో దిగినాడు. 1510లో పోర్చుగీసువాళ్ళు గోవా పట్టుకున్నారు. వాళ్ళ ఓడల్లోనే ఆ గింజలు, మొక్కలు మనదాకా వచ్చినాయి. 1565లో రక్కసి తంగడి యుద్ధంలో ఓడిపోయి తిరుమలదేవరాయలు రాజధానిని పెనుకొండకు మార్చినాడు. పెనుకొండ కోటలో రాజులు ఉన్న ఆ కాలం, పడమటి రేవుల నుంచి కొత్త గింజలు లోపలి సీమకు నడిచిన కాలం, రెండూ ఒకటే.

పేర్లలోనే ఆ కథ దాచిపెట్టినారు మన పెద్దలు. మిరియంలాగా మంట పుట్టించే కాయ కాబట్టి మిరపకాయ. పరంగి అంటే ఫిరంగివాడు, అంటే పోర్చుగీసువాడు. వాడు తెచ్చిన పండు కాబట్టి పరంగి పండు. సీమచింతకాయ కూడా అంతే. సీమ అని ముందు తగిలించినామంటే బయటి దేశం నుంచి వచ్చిందని గుర్తు. మా జేజి ఉన్నన్నాళ్ళూ టమేటాను కూర కింద లెక్కే కట్టలేదు. పులుపంటే ఆమెకు చింతపండే.

ఇప్పుడు పురుగుల సంగతికి వద్దాం. చెట్టు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి విత్తనం రూపంలో వస్తే, దాని పురుగు వెంట రాదు. పాత దేశంలోనే ఉండిపోతాది. అందుకే కొత్త పంట మొదట్లో తెగులు లేకుండా బాగా కాస్తాది. తర్వాత ఎన్నడో ఆ పురుగు కూడా దారి కనుక్కోని వస్తాది. కానీ ఆ పురుగును తినే పురుగు మాత్రం రాదు. అదే మనకు చేటు.

ఈ మాట అర్థం కావడానికి నాగజెముడు కథ చెప్తాను. ఇదీ అమెరికా ఖండం చెట్టే. ఆ చెట్టు మీద బతికే ఒక పురుగును నలిపితే ఎర్రటి రంగు వస్తాది. ఆ రంగుకు ఐరోపాలో బంగారం మాదిరి ధర ఉండేది. ఈస్టిండియా కంపెనీకి ఆశ పుట్టింది. మద్రాసులో డాక్టర్ జేమ్స్ ఆండర్సన్ అనే ఆయన ఆ పురుగుల కోసమని నాగజెముడు తోటే పెంచినాడు. 1795లో కెప్టెన్ నీల్సన్ అనేవాడు బ్రెజిల్ నుంచి పురుగులను కలకత్తాకు తెచ్చినాడు. కానీ తెచ్చింది మేలు రకం పురుగు కాదు, అడవి రకం. రంగు సరిగా రాలేదు, కంపెనీకి లాభమూ రాలేదు. ఆ పురుగు మాత్రం ఒక రకం నాగజెముడును ఊళ్ళకు ఊళ్ళు తినేసింది.

అయితే మన దక్షిణంలో చేలల్లో, గట్ల మీద అల్లుకున్నది ఇంకో రకం నాగజెముడు. దాన్ని ఈ పురుగు ముట్టలేదు. 1926లో సింహళం నుంచి ఇంకో జాతి పురుగును తెచ్చి వదిలిపెట్టినాక, అది కూడా తగ్గిపోయింది. మా అబ్బ చిన్నప్పటి ముచ్చట ఒకటి చెప్పేవాడు. కంచెకు ఉన్న కళ్ళిమట్టలకు దూదిమాదిరి తెల్లగా పట్టిందంట. పిల్లోళ్ళు దాన్ని నలిపి, చేతులకు నెత్తురు కారినట్టు చూపించి ఆడోళ్ళను భయపెట్టేవాళ్ళంట. ఆ కథ ఉత్తదే అనుకునేవాణ్ణి. చదివినాక తెలిసింది, మా అబ్బ చూసింది ఆ పురుగునే.

అంటే ఏమైనట్టు? కత్తితో నరికినా పోని కంచె, దాని పురుగు రాంగానే పోయింది. చెట్టుకు ఏది శత్రువో దానికే తెలుసు.

ఇప్పుడు మన పట్టు సంగతి. మైసూరు రాజ్యంలో టిప్పు సుల్తాన్ పట్టు పరిశ్రమ మొదలుపెట్టినాడు. హిందూపురం ఆ సరిహద్దులోనే ఉండే ఊరు కాబట్టి మల్బరీ మనకు కొత్త కాదు. హిందూపురం గూళ్ళ మార్కెట్టు, ధర్మవరం మగ్గం, రెండూ ఆ ఆకు మీదే నిలబడినాయి. 1980లో బెంగాల్ నుంచి కర్ణాటకకు వచ్చిన విత్తన గూళ్ళతోపాటు ఊజీ ఈగ వచ్చింది. పట్టుపురుగు మీద గుడ్డు పెట్టి, లోపలినుంచి తినేస్తాది. అంతకుముందు మైసూరు సీమలో ఆ ఈగ లేదు. అప్పటినుంచే షెడ్డు కిటికీలకు, వాకిళ్ళకు దోమతెర కట్టడం మనకు అలవాటైంది. ఆ ఈగ మనల్ని ఎంత భయపెట్టిందంటే, 2014లో పూణే దగ్గర మొదటిసారి కనపడి తర్వాత మనదాకా వచ్చిన టమేటా పురుగుకు కూడా మనోళ్ళు ఊజీ అనే పేరు పెట్టేసినారు. ఇది ఈగ కాదు, చిన్న రెక్కల పురుగు. దీని పుట్టినిల్లు దక్షిణ అమెరికా, టమేటా పుట్టినిల్లు కూడా అదే. చెట్టు వచ్చిన ఎన్నో ఏండ్లకు పురుగు దాన్ని వెతుక్కుంటా వచ్చిందన్నమాట.

కలుపు మొక్క కూడా తక్కువది కాదు. వయ్యారిభామ 1955 ప్రాంతంలో పూణేలో కనపడింది. గట్ల మీద తెల్లపూలతో ఉంటాది, దానివల్ల ఏమైతాదిలే అని మనం వదిలేసినాం. 2000 ఖరీఫ్‌లో మన అనంతపురం జిల్లాలో శెనక్కాయకు కాండం కుళ్ళు వైరస్ వచ్చి, సుమారు 2 లక్షల 25 వేల హెక్టార్లు దెబ్బతిన్నాయి. నష్టం 300 కోట్లు దాటింది. ఆ వైరస్ వయ్యారిభామ పుప్పొడిలో ఉంటే, తామర పురుగులు ఆ పుప్పొడిని శెనగ ఆకు మీదికి మోసినాయి. ఆ ఏడు మీలో ఎంతమంది చేను దున్నేసినారో మీకే గుర్తుంటాది. ఆ మొక్కా అమెరికా ఖండందే, శెనక్కాయా అక్కడిదే. రెండూ వచ్చి మన గట్టు మీద కలుసుకున్నాయి.

ఇప్పుడు నా తప్పు చెప్తాను.

2008లో కోయంబత్తూరులో పరంగి చెట్ల మీద ఒక కొత్త పిండినల్లి కనపడింది. మెక్సికో వైపుది. రెండేండ్లలో తమిళనాడు, కర్ణాటక అంతా పాకింది. పరంగితో ఆగలేదు, మల్బరీకి, మందారానికి, పత్తికి, దొరికిన ప్రతిదానికీ పట్టింది. మా తోటకు వచ్చినప్పుడు పరంగి కాయలకు పిండి చల్లినట్టు తెల్లగా కప్పేసింది. ఆకు ముడుచుకోని, కింద జిగట కారి, చీమలు వరస కట్టినాయి. నేను ఒక మందు కొట్టినాను, తగ్గలేదు. ఇంకోటి కొట్టినాను. దాని ఒంటి మీద మైనం పూత ఉంటాది, మందు లోపలికి దిగదు. ఇంకా ఘాటుది తెచ్చి, రెండింతలు కలిపి కొట్టినాను. ఆ పొద్దు గాలి తూర్పుకు ఉంది. తూర్పున ఉండేది పక్కచేని మామ మల్బరీ.

నాలుగో జ్వరం లేసిన పురుగులకు ఆయన ఆ ఆకే కోసి వేసినాడు. రెండో రోజు పొద్దున్నే వచ్చి గట్టు మీద నిలబడినాడు. కొట్లాటకు రాలేదు.

"ఏం కొట్టినావు అల్లుడా నిన్న?" అన్నాడు.

"ఏం లేదు మామా, వేపనూనె" అన్నాను.

అబద్ధం. ఆయన నా ముఖం చూసి, ఇంకేం అడక్కుండా వెనక్కి తిరిగిపోయినాడు. షెడ్డులో పురుగులన్నీ పచ్చగా కక్కి తట్టల్లోనే చచ్చినాయి. చంద్రికలకు ఎక్కాల్సిన పంట దిబ్బలోకి పోయింది. ఆ ఏడు ఆయన ఇంట్లో పెండ్లి పెట్టుకున్నారు, దాన్ని వెనక్కి జరిపినారు. నాకు అన్నీ తెలుసు. నోరు విప్పలేదు.

ఆ పిండినల్లిని ఆఖరికి ఏది చంపిందో తెలుసా? మన మందులు కాదు. 2010 జులైలో బెంగళూరులోని కీటక పరిశోధన సంస్థవాళ్ళు ప్యూర్టోరికో నుంచి చీమ తలకాయంత కూడా లేని మూడు రకాల కందిరీగలను తెప్పించినారు. మెక్సికోలో ఆ పిండినల్లికి పాత శత్రువులు అవి. పరీక్షలన్నీ చేసి అక్టోబరు నుంచి వదలడం మొదలుపెట్టినారు. అందులో ఒకటి బాగా కుదురుకుంది. పిండినల్లి లోపల గుడ్డు పెడతాది, పిల్ల దాన్నే తిని బయటికొస్తాది, ఉత్త పొట్టు మిగులుతాది. ఏడాది తిరక్కముందే పిండినల్లి చాలావరకు అణిగిపోయింది. మైసూరు పట్టు పరిశోధన సంస్థవాళ్ళు కూడా ఆ కందిరీగలను పెంచి మల్బరీ రైతులకు ఇచ్చినారు. మందు ఎక్కువ కొట్టిన తోటల్లో మాత్రం ఆ కందిరీగలు కూడా చచ్చిపోయేవి. అంటే నేను రెండింతలు కలిపి కొట్టింది పురుగుకు కాదు, ఆ పురుగును చంపడానికి వచ్చేదానికి, మా మామ అన్నానికి.

మామ పోయి మూడేండ్లైంది. ఆయన బతికుండగా ఈ మాట చెప్పలేకపోయినాను. ఇప్పుడు ఆ షెడ్డు ఆయన కొడుకు చూసుకుంటున్నాడు. ఈ పేజీ కూడా చదువుతాడు. నిన్న సాయంత్రం పోస్టు పెట్టకముందే వాళ్ళింటికి పోయి, ఎదురుగా కూర్చోని చెప్పినాను. వాడు కొంచేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "నాయనకు తెలుసు మామా. వేపనూనె వాసన నాకు తెలీదా అని ఆ పొద్దే అన్నాడు" అన్నాడు. కాఫీ ఇచ్చి పంపినాడు.

మందు సీసా అంగడివాడికి వాపసు ఇచ్చినాం. టమేటాలో లింగాకర్షక బుట్టలు పెట్టినాను, మచ్చ పడిన ఆకులు, బెజ్జం పడిన కాయలు ఏరి సంచిలో కట్టి ఎండకు పడేస్తున్నాం. పూర్తిగా తగ్గిందని అబద్ధం చెప్పను. కొన్ని కాయలు పోతాయి. మా వాడు ఇంకా గొణుగుతానే ఉన్నాడు. వాడి కోపం కూడా న్యాయమే, పెట్టుబడి వాడిదే కదా. మందే కొట్టొద్దు అని నేను చెప్పడం లేదు. కొట్టాల్సి వస్తే ఏం కొడతున్నామో, ఎప్పుడు కొడతున్నామో పక్కచేనికి ముందురోజే చెప్పండి. గాలి చూసుకోండి. అడిగినప్పుడు నిజం చెప్పండి.

మన తోటలో మెరప, టమేటా, పరంగి అన్నీ బయటినుంచి వచ్చి మన ఇంటివైనాయి. వాటి పురుగులూ వచ్చినాయి, ఇంకా వస్తాయి. 2021లో మెరపకు వచ్చిన నల్ల తామర పురుగును మర్చిపోలేదు కదా. ఏ కొత్త పురుగు కనపడినా ముందు ఫోటో తీసి వ్యవసాయ కేంద్రంలో చూపించండి, తర్వాతే సీసా సంగతి.

పరంగి పండ్లు ఈసారి బాగా కాసినాయి. మొదటి రెండు పక్కచేని ఇంటికి పోయినాయి. ఇటువైపు వచ్చినోళ్ళు తోట కాడికి రండి, మిగతావి కోసుకుందాం.