నేలమాళిగ నుంచి నడివీధికి: ఈస్ట్ హార్లెమ్ ఇటాలియన్ పేట

న్యూయార్క్‌లో ఇటాలియన్ పేట ఎక్కడంటే అందరూ మల్బరీ వీధినే చూపిస్తారు. అక్కడ ఇప్పుడు మిగిలినవి ఎక్కువగా హోటళ్లే. వలస వచ్చినవారు ఎలా బతికారో తెలుసుకోవాలంటే ఈస్ట్ హార్లెమ్‌కు, అందులోనూ తూర్పు 115వ వీధికి వెళ్లాలి. 1930ల నాటికి అమెరికాలోని అతి పెద్ద ఇటాలియన్ పేటల్లో ఈస్ట్ హార్లెమ్ ఒకటి.

ఇటాలియన్ పేట అన్నది పైవాళ్లు పెట్టిన పేరు. వచ్చినవాళ్లు మాత్రం తమ ఊరు పొల్లా అనో, అవిల్యానో అనో చెప్పుకునేవారు. సొంతూరి గంటస్తంభం మోత వినిపించినంత మేరే తమ లోకమనే ఈ భావనకు వాళ్ల భాషలో 'కంపనిలిజ్మో' అని పేరు. ఒక ఊరివాళ్లంతా ఒకే చోట చేరడం, ఊరి దైవం పేరిట సంఘం పెట్టుకోవడం ఇందులో నుంచి వచ్చినవే. సలేర్నో ప్రాంతంలోని పొల్లా వాసులు 1881లో కార్మెల్ మాత (మేరీమాత) పేరిట ఒక పరస్పర సహాయ సంఘం పెట్టుకున్నారు. 115వ వీధిలో ఏటా జూలైలో జరిగే మాత ఉత్సవానికి మూలం అదే. అంటే భక్తి, చేబదులు, చావు ఖర్చు అన్నీ ఒకే చోట మొదలయ్యాయి.

1884లో అదే మాత పేరిట 115వ వీధిలో చర్చి వచ్చింది. పగలంతా కూలి చేసి వచ్చినవాళ్లు రాత్రిపూట దాన్ని కట్టడానికి సాయపడ్డారు. తీరా కట్టాక వాళ్లకు దక్కింది నేలమాళిగ. పై అంతస్తు ఐరిష్, జర్మన్ భక్తులది. ఆనాటి ఐరిష్ గురువర్గం కంటికి దక్షిణ ఇటలీ భక్తి అన్యమతాచారంలాగే కనిపించేది. 1904లో పోప్ అనుమతితో మాత విగ్రహానికి పట్టాభిషేకం జరిగింది. కిరీటం కోసం పేటవాళ్లు ఒంటిమీది ఉంగరాలు తీసి ఇచ్చారు. అయినా విగ్రహం 1923 దాకా కిందనే ఉంది. కిరీటం పెట్టుకున్న మాత నేలమాళిగలో ఉండటాన్ని మించి ఆ వలస బతుకుకు వేరే సాక్ష్యం నాకు కనబడలేదు.

చర్చి లోపల చోటు దొరకని భక్తి వీధికెక్కింది. జూలై 16న ఆడవాళ్లు మండే తారురోడ్డు మీద చెప్పుల్లేకుండా నడిచేవారు. జబ్బుపడ్డ అవయవం నయమైతే మైనంతో చేసిన చెయ్యో, కాలో, గుండెనో తెచ్చి సమర్పించేవారు. మొక్కుకున్న మనిషి ఎంత బరువుంటే అంత బరువు కొవ్వొత్తి మోసుకొచ్చేవారూ ఉన్నారు. పక్కనే సాసేజీల పొగ, తొర్రోనె మిఠాయి బళ్లు.

మతచరిత్రకారుడు రాబర్ట్ ఆర్సీ ఈ ఉత్సవంపై 1985లో ఒక పుస్తకం వెలువరించారు. ఈ జనానికి అసలు మతం ఇల్లేనన్నది ఆయన వాదన. ఇల్లంటే నాలుగు గోడలు కావు: రక్తసంబంధం, పరువు, పెద్దరికం. ఈ వాదనలో నాకు విలువైనదిగా తోచేది ఆడవాళ్ల సంగతి. ఇంటి బరువు మోసేది వాళ్లే, ఆ బరువు చెప్పుకుని ఏడ్చేందుకు మాత దగ్గరికి వచ్చేదీ వాళ్లే. ఏడ్చి ఇంటికి వెళ్లాక మళ్లీ అదే బరువు. ఉత్సవం వాళ్లకు ఊరటనిచ్చింది గాని విడుదలనివ్వలేదు.

ఇంటికీ బడికీ మధ్య తగువు వేరు. అవిల్యానోలో పుట్టిన లియొనార్డ్ కొవెల్లో ఇంటిపేరు నిజానికి కొవియెల్లో. పలకడం సులువని బడిలో టీచర్ ఒక అక్షరం తీసేసింది, ఇంట్లో పెద్ద రభసే అయింది. ఆ పిల్లవాడే 1934లో ఈస్ట్ హార్లెమ్‌లోని బెంజమిన్ ఫ్రాంక్లిన్ హైస్కూలుకు ప్రిన్సిపాల్ అయ్యాడు. బడి తలుపులు పేటకు తెరిచాడు, పిల్లల ఇంటి భాషకు తరగతిలో గౌరవం ఉండాలని పట్టుబట్టాడు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత పాత ఇళ్లు కూల్చి ప్రభుత్వ గృహసముదాయాలు కట్టారు. కాస్త కూడబెట్టుకున్నవాళ్లు బ్రాంక్స్‌కు, శివార్లకు తరలిపోయారు. ప్యూర్టో రికన్లు వచ్చారు. కొత్తగా వచ్చినవాళ్లను పాత పేట ఆదరించిందని చెప్పలేం. ఒకప్పుడు తాము తిన్న ఈసడింపునే వాళ్లకు వడ్డించింది.

ఉత్సవం మాత్రం ఆగలేదు. హైతీలో కార్మెల్ మాతకు జూలై 16నే సో-దో జలపాతం దగ్గర పెద్ద యాత్ర జరుగుతూ వచ్చింది. న్యూయార్క్‌లో స్థిరపడ్డ హైతీయులు అదే తేదీకి, అదే మాతను వెతుక్కుంటూ 115వ వీధికి రావడం మొదలుపెట్టారు. పేట ఇటాలియన్లది కాకుండా పోయాక ఆ ఊరేగింపును నిండుగా నిలబెట్టింది వాళ్లే.