యుద్ధ వ్యయం – పల్నాడు (1962–1974)

యుద్ధానికి పెట్టిన ఖర్చు తుపాకులు పేలిన చోటే తేలదు. చైనా సరిహద్దుకు ఎంతో దూరంలో ఉన్న పల్నాడులోని మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతాల చరిత్ర ఇందుకు మంచి ఉదాహరణ. 1955 డిసెంబరు 10న ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ ఆనకట్ట ఇంకా కడుతుండగానే 1962 చైనా యుద్ధం వచ్చిపడింది. మరుసటి ఏడాది బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయ్ రక్షణకు 867 కోట్లు కేటాయించారు. రెండేళ్ల కిందట ఆ పద్దు మూడు వందల కోట్ల పైచిలుకే. జాతీయాదాయంలో రక్షణ వాటా దాదాపు రెండు శాతం నుంచి నాలుగుకు చేరింది. కొత్త పన్నులు, నిర్బంధ డిపాజిట్లు వచ్చాయి. 1963 జనవరి నాటి బంగారు నియంత్రణ ఉత్తర్వుతో 14 క్యారెట్లకు మించిన కొత్త నగ చేయకూడదన్నారు. సరిహద్దు ఎటుందో చూడని కంసాలి కుంపటి కూడా చల్లారింది. విదేశీ మారకం కాపాడటానికే ఈ బంగారు నియంత్రణ.

అసలు నష్టాన్ని రూపాయల్లో కంటే ఉక్కులో, యంత్రాల్లో, డాలర్లలో కొలవాలి. నోట్లు అచ్చువేయొచ్చు, డాలర్లు వేయలేం. సాగర్ పని ఆగిపోకపోవడానికి ఒక కారణం అది రాతి కట్టడం కావడమే. వేలాది కూలీలు పరంజాల మీదుగా రాళ్లు, మాలు మోసి 124 మీటర్ల ఎత్తుకు లేపారు. దిగుమతి యంత్రాల మీదే ఆధారపడి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

1966–69 మధ్య పంచవర్ష ప్రణాళిక ఆగడానికి కరువే కారణమనే వాదన ఉంది. అందులో నిజం లేకపోలేదు. వరుసగా రెండేళ్లు వానలు ముఖం చాటేశాయి. కానీ ధరలు కరువుకు ముందే పెరగసాగాయి. 1965 పాకిస్తాన్ యుద్ధంతో అమెరికా సాయం నిలిచింది, 1966 జూన్‌లో డాలరు 4.76 నుంచి 7.50 రూపాయలకు ఎక్కింది. అంటే ఖజానాను బలహీనపరిచింది కరువొక్కటే కాదు. రక్షణ వ్యయం పరిశ్రమలు తెచ్చిందన్న మాటా కాదనలేం. అయితే ఆ ఫ్యాక్టరీలు, ప్రయోగశాలలు హైదరాబాదుకు వచ్చాయి, వాటి జీతాలూ అక్కడే చెలామణి అయ్యాయి. పల్నాడుకు దక్కాల్సింది సాగర్ కాలువ నీరు. అది 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ చేతుల మీదుగా కుడి కాలువలోకి వచ్చింది. ఆనకట్ట గేట్లు పూర్తయ్యేసరికి 1974 అయింది, ఆలోగా 1971లో ఇంకో యుద్ధమూ జరిగిపోయింది.